గుత్తి కోట ఎక్కాలంటే: ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి, పైన ఏం చూడాలి

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రోడ్డు మీద వెళ్లినవాళ్లలో గుత్తి కోట కంట పడనివాళ్లు ఉండరు, కాకపోతే తాము చూసింది కోట అని చాలామందికి తెలియదు. కర్నూలు, డోన్ దాటి, అనంతపురం ఇంకో గంట ఉందనగా, మైదానం మధ్యలోంచి పెద్ద బోడి బండ ఒకటి పైకి లేచి ఉంటుంది. చుట్టూ చిన్న గుట్టలు. కొంచెం కళ్లు చికిలించి చూస్తే ఆ గుట్టల వీపుల మీద సన్నగా గోడలు పాకుతూ కనిపిస్తాయి. అదే గుత్తి కోట. మనవాళ్లు అందరూ గండికోటకి పోతారు, పోవాల్సిందే, పెన్నా లోయ అంత బాగుంటుంది మరి. కానీ గుత్తి పైదాకా ఎక్కినవాళ్లు నాకు తెలిసినవాళ్లలో పట్టుమని పదిమంది లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గుంతకల్లు, గుత్తికి ముప్పై కిలోమీటర్లు. ఇప్పటికి ఏడుసార్లు వెళ్లాను, అందులో మొదటిసారి పైదాకా పోలేకపోయాను. ఇంటర్ అయిపోయిన ఏప్రిల్ నెల, నలుగురం స్నేహితులం, పొద్దున పదిన్నరకు ఎక్కడం మొదలుపెట్టాం, నలుగురికీ కలిపి రెండు లీటర్ల నీళ్లు. సగం దారి కాకముందే సీసాలు ఖాళీ అయ్యాయి. మాలో ఒకడికి కళ్లు తిరిగి ఒక ముఖద్వారం నీడలో కూలబడ్డాడు, ఒళ్లంతా చల్లటి చెమట. అటుగా మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన తన క్యానులో ఉన్న నీళ్లు వాడి నెత్తిన పోసి, మిగిలినవి తాగించి, "పైన తాగే నీళ్లు ల్యావు నాయనా, ఎండ ముదరకముందే దిగిపోండి" అన్నాడు. దిగిపోయాం. ఆ కోట ఒకప్పుడు శత్రువుకు చిక్కింది కూడా సరిగ్గా ఈ నీళ్ల కరువుతోనే అని తర్వాతెప్పుడో చదివాను. అప్పటి నుంచి నేను ఎవరిని గుత్తికి తీసుకెళ్లినా రెండే మాటలు చెప్తాను. ఒకటి, నీళ్లు మోసుకెళ్లండి. రెండు, పైకి వెళ్లాక నీళ్లు ఎక్కడెక్కడ పట్టి దాచుకున్నారో వెతుక్కుంటూ చూడండి, కోట మొత్తం అదే అర్థమవుతుంది.

ఎలా చేరుకోవాలి

గుత్తి అనంతపురం జిల్లాలో ఉంది, అనంతపురం నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు, కర్నూలు నుంచి వంద కిలోమీటర్ల లోపు. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే కాబట్టి కర్నూలు–అనంతపురం మధ్య తిరిగే ఆర్టీసీ బస్సులు దొరుకుతాయి. కాకపోతే దూరప్రాంతం బస్సులు కొన్ని ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదే దింపేస్తాయి, ఎక్కేటప్పుడే కండక్టరును అడిగి ఎక్కండి. రైలుకైతే గుత్తి జంక్షన్ ఉంది, అది ఊరికి కొంచెం దూరం, దిగి ఆటో ఎక్కాలి. గుత్తిలో ఆగని రైళ్లు చాలా వరకు గుంతకల్లులో ఆగుతాయి. అక్కడి నుంచి బస్సులో ముప్పావు గంట, గంట.

ఊళ్లో ఉండటానికి మామూలు లాడ్జీలే, కుటుంబంతో వెళ్లేవాళ్లు అనంతపురంలోనో గుంతకల్లులోనో రాత్రి ఉండి తెల్లవారుజామునే బయల్దేరడం మేలు. సొంత కారుంటే అసలు ఇబ్బందే లేదు. ఆటోవాళ్లకు "కోట కాడికి" అంటే చాలు, పాత ఊరు సందుల్లోంచి కొండ కింద దాకా తీసుకెళ్లి దింపుతారు. అక్కడి నుంచి నడకే. రోప్‌వే లేదు, పైదాకా బండి పోయే రోడ్డు లేదు. కింద నుంచి పై బండ దాకా సుమారు 300 మీటర్ల ఎత్తు. మామూలుగా నడిచేవాళ్లకు, మధ్యమధ్యలో ఆగి చూసుకుంటూ, గంటన్నర పడుతుంది. దిగడానికి ఒక గంట. పైన తిరగడానికి రెండు గంటలైనా ఉంచుకోండి, అంటే మొత్తం మీద ఒక పూట.

ఎప్పుడు, ఏం పట్టుకుని

సెప్టెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అనంతపురం జిల్లాలో వానే తక్కువ, ఆ పడేదాంట్లో ఎక్కువ భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది, కాబట్టి అక్టోబరు ఆఖర్లో వెళ్తే గుట్టలు పచ్చగా ఉంటాయి, పైన దొనల్లో, అంటే బండలోని నీటి గుంటల్లో, నీళ్లుంటాయి, గాలి శుభ్రంగా ఉండి చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది. నాకు బాగా నచ్చేది డిసెంబరు. మార్చి సగం నుంచి జూన్ దాకా వద్దే వద్దు. బండ కొండ అది, ఎండకు కాలిందంటే కింద పెనం, పైన నిప్పు. వాన పడుతున్న రోజు కూడా మానుకోండి, అరిగిపోయిన రాళ్ల మీద పాచి పడితే చెప్పులు నిలవవు.

ఎక్కడం తెల్లవారగానే మొదలుపెట్టాలి. ఆరింటికి కొండ కింద ఉంటే ఏడున్నర, ఎనిమిదికల్లా పైన ఉంటారు, పదిన్నరకు దిగడం మొదలుపెట్టొచ్చు. సాయంత్రం ఎక్కి సూర్యాస్తమయం చూద్దాం అనుకుంటారు చాలామంది. పైనుంచి సూర్యాస్తమయం బాగుంటుంది, నిజమే, కానీ ఆ తర్వాత చీకట్లో దిగాలి, దారిలో లైట్లుండవు, అక్కడక్కడా రాళ్లు కదిలి గుంతలు పడి ఉన్నాయి, చుట్టూ ముళ్లపొదలు. అలా చీకట్లో దిగుతూ చీలమండ బెణికి మూడు వారాలు మంచం మీదున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట కూడా, పొద్దుపోకముందే బయటికి వచ్చేయడమే పద్ధతి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఎక్కువనిపిస్తుంది, బరువనిపిస్తుంది, అయినా తగ్గించకండి. ఒక లీటరు ఎక్కేటప్పుడు, ఒకటి పైన, ఒకటి దిగేటప్పుడు, ఈ లెక్క నాకు ఏ సీజన్‌లోనూ తప్పలేదు. దాంతోపాటు ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, నిమ్మకాయ, ఉప్పు. పైన అంగడి ఏదీ ఉండదు కాబట్టి తినడానికి ఏదైనా కట్టుకెళ్లాలి. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, హవాయి చెప్పులతో వద్దు. ఫుల్ ప్యాంటు ఉంటే ముళ్లు గీసుకోవు. టోపీ లేకపోతే తువ్వాలు చాలు, మా వైపు అందరూ అదే చుట్టుకుంటారు. టార్చి, చిన్న ఫస్ట్ ఎయిడ్, ఫోన్‌లో ఊరి మ్యాపు ముందే దించి పెట్టుకోవడం, ఇవి మామూలే. ఒక్కరే వెళ్లకండి, కనీసం ముగ్గురు ఉండండి, కాలు జారితే ఒకరు తోడుంటారు, ఒకరు కిందికి వెళ్లి మనుషుల్ని పిలుచుకొస్తారు.

ఎక్కేముందు ఊళ్లో ఉగ్గాణి తినండి. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టిస్తారు. పొద్దున్నే వేడివేడిగా దొరుకుతుంది. కడుపుకు తేలిగ్గా ఉంటుంది, ఆకలి తీరుతుంది, కొండ ఎక్కడానికి ఇంతకంటే మంచి టిఫిన్ నాకు తెలియదు. బజ్జీ మాత్రం ఒకటితో ఆపండి, కారం తిని ఎక్కితే దాహం ఎక్కువ.

కింద నుంచి పైకి

ఇది ఒక గోడ, ఒక ద్వారం ఉన్న కోట కాదు. గుట్టలన్నీ వంపు తిరిగి నిలబడి ఉంటే, వాటిని గోడలతో, బురుజులతో కలుపుకుంటూ పోయారు, అన్నిటికంటే ఎత్తైన బండ మీద చివరి కోట కట్టారు. మొత్తం పదిహేను కోటలు, పదిహేను ముఖద్వారాలు అని లెక్క చెప్తారు. పైనుంచి చూస్తే గోడల చుట్టు శంఖంలా తిరిగినట్టు ఉంటుంది. ఆ మెలికలోనే ఉంది తెలివంతా. శత్రువు ఒక ద్వారం పగలగొట్టుకుని లోపలికొస్తే ఎదురుగా దారి ఉండదు, గోడ ఉంటుంది. పక్కకి తిరగాలి, తిరిగినచోట పైనుంచి రాళ్లు, గుళ్లు పడతాయి, అది దాటితే ఇంకో ద్వారం.

ప్రతి ద్వారం దగ్గరా ఒక రెండు నిమిషాలు ఆగండి, ఊపిరి తీసుకున్నట్టూ ఉంటుంది. తలుపులు ఇప్పుడు లేవు, కానీ గడప రాయికి రెండు చివర్లా గుండ్రటి గుంతలు చూడండి, తలుపు తిరిగిన కుదుళ్లు అవి. లోపల వేలు పెట్టి రాసి చూడండి, నున్నగా, గాజులా ఉంటాయి, తలుపు తిరిగి తిరిగి రాయి అంత అరిగిపోయింది. రెండు పక్క గోడల్లో ఎదురెదురుగా చదరపు కన్నాలుంటాయి, అడ్డమాను దూర్చి బిగించే చోటు. ఒక కన్నం లోతుగా, ఒకటి లోతు తక్కువగా ఉంటుంది. మానును లోతు కన్నంలోకి పూర్తిగా తోసి, తలుపు మూసి, మళ్లీ ఇవతలికి లాగి రెండో కన్నంలో దిగేసేవాళ్లు. పిల్లలతో వెళ్తే ఇది వాళ్లనే కనిపెట్టనివ్వండి, మా చెల్లెలి కొడుకు ఆ రోజంతా ప్రతి ద్వారం దగ్గరా మాను ఎటునుంచి దూరుతుందో నాకు చూపిస్తూనే ఉన్నాడు.

దారి మొదట్లో రాళ్లు పరిచి వెడల్పుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. రెండుమూడు చోట్ల దారి చీలినట్టు అనిపిస్తుంది, అప్పుడు అరిగిన రాళ్లు ఎటున్నాయో అటు పోండి, మేకల బాటలు మట్టిగా ఉంటాయి, అసలు దారి నున్నగా మెరుస్తుంది. తేనెతుట్టెలు కనిపించిన బండల కింద సిగరెట్టు, పొగ, గట్టిగా అరుపులు వద్దు. సీతాఫలం కాలంలో వెళ్తే గుట్టల మీద చెట్లకు కాయలుంటాయి, ఏరుకునేవాళ్లకు అదే బతుకుతెరువు, వాళ్ల దగ్గర కొనుక్కుంటే మంచిది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, మరీ చిన్నపిల్లలు రెండో మూడో ద్వారం దాకా వచ్చి ఆగిపోవచ్చు. అక్కడ నీడ ఉంటుంది, ఊరు కనిపిస్తుంది, కోట ఎలాంటిదో తెలుస్తుంది. పైదాకా రాలేదని బాధపడాల్సిన పని లేదు.

పైన నీళ్లు వెతకండి

పైకి చేరాక అందరూ ముందు అంచు దగ్గరికి పరుగెత్తి ఫోటోలు తీసుకుంటారు. తీసుకోండి, కానీ ఆ తర్వాత వెనక్కి తిరిగి బండ వాలు ఎటుందో చూడండి. వాన పడితే నీళ్లు ఎటు జారతాయో ఊహించుకుంటూ ఆ వాలు వెంటే నడవండి. చివర్లో ఏదో ఒక నీటి గుంట ఉంటుంది. బండల మధ్య చీలిక ఉన్నచోట అడ్డంగా గోడ కట్టి నీళ్లు ఆపారు, రాయి పల్లంగా ఉన్నచోట ఇంకాస్త తొలిచి దొన చేశారు. కోట మొత్తం మీద నూట ఎనిమిది బావులని ఊళ్లో చెప్తారు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దాటలేదు, పొదల్లో కప్పబడిపోయినవి చాలా ఉంటాయి. ఈ కొండ మీద ఊట నమ్ముకుని బతకలేరు, ఏడాది మొత్తం తాగాల్సింది ఆ రెండు నెలల వానలో పట్టుకోవాల్సిందే. సైన్యం, గుర్రాలు, వంటశాలలు, అన్నిటికీ అవే నీళ్లు.

డిసెంబరులో ఒకసారి పైన ఒక దొన పక్కన గంటసేపు కూర్చున్నాను. ఆకుపచ్చ నీళ్లు, అంచున మెట్లలా తొలిచిన ఆరేడు గాట్లు, నీళ్లు తగ్గేకొద్దీ ఒక్కో గాటు దిగి ముంచుకోవడానికి. రాతి మీద తెల్లటి గీతలు ఒకదాని కింద ఒకటి, ఏ నెలలో నీళ్లు ఎంతలో నిలిచాయో చారికలు కట్టి ఉన్నాయి. అడుగున ఉన్న గాటు దగ్గర రాయి మిగతా చోట్ల కంటే ఎక్కువ అరిగి ఉంది. వేసవి ఆఖర్లో అక్కడే కదా అందరూ వంగి ముంచుకున్నది. ఈ నీళ్లు ఇప్పుడు తాగకండి. దొనలకు, బావులకు ఒర గోడలు ఉండవు, పొదలు అడ్డం వచ్చి అంచు కనిపించదు, పిల్లల చెయ్యి వదలకండి, ఈతకి దిగకండి.

ఇక్కడే మురారిరావు కథ చెప్పుకోవాలి. మరాఠా ఘోర్పడే వంశం వాడు, పద్దెనిమిదో శతాబ్దంలో ఈ కోటను తన కేంద్రంగా చేసుకుని దక్షిణాదిలో అందరికీ కావలసినవాడయ్యాడు. 1751లో ఆర్కాటు యుద్ధం నాటికి ఇంగ్లీషువాళ్లు సైతం అతని గుర్రపు దళం సాయం కోరారు. 1776లో మైసూరు నేలే హైదర్ అలీ వచ్చి గుత్తిని ముట్టడించాడు. కింద పేట చిక్కింది, పై కోట మాత్రం చిక్కలేదు. ఫిరంగులతో ఈ బండను పగలగొట్టడం కుదిరే పని కాదని మీకు పైన నిలబడితే తెలుస్తుంది. కానీ పేటలోని జనం, పశువులు అందరూ పైకి చేరారు, దొనల్లో నీళ్లు అడుగంటాయి. చివరికి కొంత సొమ్ము ఇచ్చేట్టు రాజీ కుదిరింది. హామీగా హైదర్ శిబిరానికి పంపిన కుర్రవాడు మాటల్లో మాటగా, పైన ఇక మూడు రోజులకు సరిపడా నీళ్లే ఉన్నాయని అనేశాడట. హైదర్ రాజీ పక్కన పెట్టి ముట్టడి మళ్లీ బిగించాడు. అంతటి కోట గుక్కెడు నీళ్లు లేక తలుపులు తెరిచింది. మురారిరావును మైసూరు రాజ్యంలోని కబ్బాలదుర్గం కోటకు పంపారు, అక్కడే చెరలోనే చనిపోయాడు.

ఇది తెలిసి ఆ దొనల మధ్య నడిస్తే ఒకలా ఉంటుంది, తెలియకుండా నడిస్తే ఒకలా ఉంటుంది. అందుకే పైకి తీసుకెళ్లినవాళ్లకు నేను ఈ కథ అక్కడే, నీళ్ల పక్కనే చెప్తాను.

మురారిరావు గద్దె అని పిలిచే చిన్న మంటపం కొండ అంచున ఉంది. కింద నిలువు లోయ. సున్నపు గచ్చు పూసి నున్నగా చేసిన కట్టడం, పెద్దదేమీ కాదు, నలుగురైదుగురు కూర్చునేంత. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని, ఉయ్యాల ఊగేవాడని చెప్తారు. ఆ అంచు నుంచి ఖైదీలను తోయించేవాడనే కథ కూడా ఊళ్లో ఉంది. గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూడండి, బయట బండ కాలుతున్నా అది చల్లగా ఉంటుంది. అయితే దాని నిండా పేర్లు. మేకుతో గీసినవి, పెయింటుతో రాసినవి, గుండె బొమ్మలు, తేదీలు. ప్రతిసారీ కొత్తవి చేరతాయి. రెండు వందల ఏళ్లకు పైబడిన గచ్చు అది, ఒకసారి పెచ్చు లేచిందంటే దాని కిందికి వాన నీరు దిగి చుట్టుపక్కలదంతా ఊడిపోతుంది. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని చట్టంలోనే ఉంది. మీతో వచ్చినవాళ్లు ఎవరైనా తాళంచెవి తీస్తే అక్కడే ఆపండి, మొహమాటపడకండి.

ఇంకా పైన ధాన్యం కొట్లు, మందుగుండు దాచిన కట్టడం, వ్యాయామశాల అని చెప్పే శిథిలం ఉన్నాయి. కొట్లలోకి వెళ్లేముందు టార్చి వేయండి, గబ్బిలాలు ఉంటాయి, నేల మీద గాజు పెంకులూ ఉంటాయి. కొన్ని చోట్ల నేల తవ్వి గుంతలు కనిపిస్తాయి, గుప్తనిధుల పిచ్చి మా సీమలో ఏ కోటనూ వదల్లేదు.

శాసనాలు కూడా వెతకండి. నరసింహస్వామి గుడి శిథిలం దగ్గర బండల మీద నేరుగా చెక్కినవి. వాటిలో పాతవి కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడి కాలానివి, అతను 1076 నుంచి 1126 దాకా ఏలాడు. ఆ భాష, లిపి కన్నడ. విజయనగరం బుక్కరాయల శాసనం ఒకటి ఈ కోటను దుర్గాలకు రాజు అని మెచ్చుకుంటుంది. అక్షరాలు చూడాలంటే పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే చూడాలి, మిట్టమధ్యాహ్నం ఏమీ కనిపించవు. అక్షరాల మీద సుద్దముక్క రుద్దడం, నీళ్లు పోయడం వద్దు. ఫోన్ టార్చిని రాయికి ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పెట్టండి, గాట్లు చక్కగా లేస్తాయి.

దిగాక

దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు, మోకాళ్లు వణుకుతుంటాయి, తొందర ఉంటుంది. చిన్న అడుగులు వేయండి, రాళ్ల మధ్య సందుల్లో కాలు పెట్టండి.

కొండ కింద ఇంగ్లీషువాళ్ల పాత శ్మశానం ఉంది, చాలామంది చూడకుండా వెళ్లిపోతారు. 1799లో టిప్పు పడిపోయాక గుత్తి నిజాముకు వచ్చింది, 1800లో నిజాం ఈ ప్రాంతమంతా ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు, అందుకే దత్తమండలాలు అనేవాళ్లు, రాయలసీమ అనే పేరు 1928లో వచ్చింది. ఆ దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకునే రైత్వారీ పద్ధతి ఇక్కడ పాతుకుంది అతని చేతుల మీదుగానే. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు, పదవి వదిలి వెళ్లేముందు ఈ ఊళ్లు ఒకసారి చూసిపోదామని వచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తికి తెచ్చి ఇక్కడే పూడ్చారు, 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కాలం ఒకటుంది. పాలన చేసినవాళ్ల పేరు జనం ఇలా ఇష్టంగా పెట్టుకోవడం నాకు ఎప్పుడూ ఆలోచించదగ్గ విషయంగానే అనిపిస్తుంది.

గుత్తి పేరు ప్రపంచంలో ఎక్కువగా తెలిసింది మాత్రం కోట వల్ల కాదు, ఒక సాలీడు వల్ల. మెరిసే నీలం రంగు పెద్ద సాలీడు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించి రాశాడు, అది దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవి, కలపతోపాటు ఇక్కడికి వచ్చి ఉంటుందని అంటారు. కోటలో దాన్ని వెతక్కండి.

మధ్యాహ్నం భోజనం చేసి, ఓపిక ఉంటే ఎర్రగుడి వెళ్లండి. గుత్తి నుంచి పత్తికొండ రోడ్డులో పదమూడు కిలోమీటర్లు, అక్కడ ఏనుగుల్లాంటి గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి, బ్రాహ్మీ లిపిలో, రెండు వేల రెండు వందల ఏళ్ల పైనాటివి. వాటిలో ఒకదాంట్లో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు రాశారు, మడకతో చాలు దున్ని చివర్లో ఎద్దుల్ని మళ్లించి మళ్లీ ఇటు దున్నుకొచ్చినట్టు. కోటకంటే చాలా సులువుగా ఎక్కొచ్చు, కింద ఆగిపోయిన పెద్దవాళ్లను ఇక్కడికి తప్పకుండా తీసుకెళ్లండి. తొలకరి వానలు పడే జూన్‌లో ఆ దారిన వెళ్తే జొన్నగిరి, తుగ్గలి వైపు చేలల్లో జనం వరుసగా తలలు వంచుకుని నడుస్తూ కనిపిస్తారు, వాన కడిగిన నేలలో వజ్రాలు వెతుక్కుంటున్నారు వాళ్లు.

ఇంకో రోజు ఉండగలిగితే తాడిపత్రి పెట్టుకోండి, యాభై కిలోమీటర్ల లోపే. బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి, చింతల వెంకటరమణ స్వామి గుడి రెండూ ఒకే పూటలో చూడొచ్చు, రాతి చెక్కడం అంటే ఏమిటో ఆ గోపురాల దగ్గర తెలుస్తుంది. ఎర్రగుడికి గానీ తాడిపత్రికి గానీ బయల్దేరేముందు ఖాళీ సీసాలన్నీ గుత్తిలోనే నింపుకోండి. ఎర్రగుడి గుండ్ల దగ్గర కూడా అంగడి లేదు.